పేరు దీపాల కింద వరి

నాటిన 104వ రోజు

నీళ్లు: నాలుగు వేళ్ల లోతు. దీపాలు: మూడు వందల పన్నెండు, అన్నీ వెలుగుతున్నాయి. వెన్ను: లేదు.

తొట్టెల పుస్తకంలో రోజుకి ఇంతే రాయాలి. గళ్లు గీసి మరీ ఇచ్చారు. ఆఖరి గడిలో పద్నాలుగు రోజులుగా "లేదు" అని రాస్తున్నాను. ఇవాళ్టి నుంచి గడి దాటి రాస్తాను. అడిగేవాళ్లుంటే, నా పేరు లసుమ. తొమ్మిది నుంచి పన్నెండు దాకా తొట్టెలు నావి.

వరి నడుం దాటి పెరిగింది. కుదురుకి ఇరవై పిలకలు. ఆకు ముదురు పచ్చ. తొట్టెలున్న ఈ సొరంగంలోకి, అంటే మా గ్యాలరీలోకి, వచ్చినవాళ్లు చూసి అబ్బా అంటారు. అబ్బా అంటే కడుపు నిండుతుందా? ఈపాటికి కాండం పైభాగం ఉబ్బాలి. దాన్ని పొట్టకు రావడం అంటారు. ఆ పొట్టలోంచి వెన్ను బయటికి రావాలి, వెన్నుకి గింజ పట్టాలి. నలభై తొట్టెల్లో ఒక్క కుదురు కూడా పొట్టకు రాలేదు. మేం పెంచుతున్నది గడ్డి.

మునుపటి పొట్టి వరి ఇలా ఏడిపించలేదు. వేసిన నూట పది రోజులకి కోతకొచ్చేది. మూడేళ్ల కిందట అగ్గితెగులు తగిలి విత్తనంతో సహా పోయింది. అప్పటి నుంచి ఈ పాత బొగ్గు గనిలో ఉన్న పదకొండు వందల మందిమి పుట్టగొడుగులు, చిలగడదుంపలు తిని బతుకుతున్నాం. ఇప్పుడు దుంపకీ పుచ్చు పట్టింది. పోయినేడు, మనిషిని మాడ్చే ఎండకి తడి గోనెలు కప్పుకుని పైకి వెళ్లిన జట్టుకి, కూలిన ఒక భవనం నేలమాళిగలో మూత బిగించిన విత్తనాల డ్రమ్ము దొరికింది. సగం వేశాం, సగం దాచాం. మూత మీద రంగుతో రాసి ఉంది: వానాకాలం మాత్రమే.

మాలో వాన చూసినవాళ్లు నలుగురో ఐదుగురో. పంట మేనేజరు సుదర్శనం సారు ఆ మాట చదివి, "నీళ్లు ఎక్వ కావాలె, గంతే" అని తేల్చేశాడు. అందుకే నాలుగు వేళ్ల నీళ్లు.

ఇవాళ కొత్త మాట తెచ్చాడు. "వెలుతురు చాలుత లేదు. ఇంకో ఇరవై దీపాలు గట్టున్రి."

మా దగ్గర దీపం కట్టడమంటే మాటలు కాదు. మనిషి పోతే, వాళ్ల పేరు రేకు మీద గీసి, ఆ రేకు దీపానికి తగిలించి, వరి తొట్టె మీద వేలాడదీస్తాం. ఆ దీపం ఇక ఆరకూడదు. గనిలోకి దిగిన తొలి సంవత్సరంలో కప్పు కూలి, కరెంటు పోయి, నాలుగు రోజులు చీకట్లో ఎనభై మూడు మంది పోయారట. మిగిలినవాళ్లు ఒట్టు పెట్టుకున్నారు, మనవాళ్లని మళ్లీ చీకట్లో ఉంచబోమని. పోయినోళ్ల వెలుగుకే ఉన్నోళ్లం తింటున్నం అని మా సామెత. పదో తొట్టె మీద మా అమ్మ ఉంది. రేకు మీద మల్లవ్వ అని నేనే గీశాను. అప్పటికి నాకు అక్షరాలు సరిగ్గా రావు, వ కింద వత్తు వంకర పోయింది.

ఇరవై దీపాలు కట్టాలంటే ఇరవై పేర్లు కావాలి. ఎవరు చావాలట?

నాటిన 111వ రోజు

తొమ్మిదో తొట్టెలో ఒక కుదురు పీకి చూశాను. వేళ్లు నల్లబడ్డాయి. మురిగిన గుడ్డు వాసన. వరి నీళ్లలో బతుకుతుంది, ఒప్పుకుంటాను. అది ఆకుతో గాలి పీల్చి కాండం లోపలి సందుల్లోంచి వేరుకి పంపుకుంటుంది. కానీ నీళ్లు మూడు నెలలు కదలకుండా నిలబెడితే ఎంతకని పంపుతుంది? వేరుకీ ఊపిరి కావాలి. అడక్కుండా తొమ్మిదో తొట్టె నీళ్లు తీసేశాను.

సుదర్శనం సారు మూడో షిఫ్టు మొదట్లో వచ్చాడు. తొట్టెలో వేలు పెట్టి చూశాడు.

"నీళ్లు ఎవలు దీశిన్రు?"

"నేనే సారు. వేర్లు మురిగినయ్. వాసన జూడు."

"నా తండ్రి పండించిండు, నేను పండిస్తున్న. నాకు నువ్వు నేర్పుతవా?"

"పండిస్తె నేర్పేదాన్నే గాదు. పండితే గదా."

పక్క తొట్టెల వాళ్లు నవ్వారు. ఆ నవ్వే నన్ను ముంచింది. నేను తిట్టి ఉంటే సారు తుడుచుకునేవాడు, వాళ్లు నవ్వేసరికి పట్టుకున్నాడు. రేపటి నుంచి నాకు సంపులో పని. గనిలో ఊరే నీళ్లన్నీ చేరే గుంట అది. పంపు నోటికి అడ్డుపడే బురద తోడాలి.

అదొక్కటే అయితే రాసేదాన్ని కాదు. సాయంత్రం గంటకి కమిటీ నిర్ణయం చదివారు. నాటిన 175వ రోజుకి వెన్ను కనబడకపోతే మిగిలిన సగం డ్రమ్ము వండేస్తారు. "గొడ్డు విత్తనం దాసుకోని ఏం జేస్తం? ఆకలైతున్నది జనానికి" అంది కమిటీ పెద్ద రామక్క. జనం చప్పట్లు కొట్టారు. లెక్క కట్టాను. మనిషికి చారెడు. గంజి కాస్తే ఒక పూట. ఆ పూట తరువాత ఈ గనిలో వరి అనే మాటే ఉండదు.

గొడ్డు అంట. పెంచడం చేతకానివాళ్లు మొక్కని తిడుతున్నారు.

నాటిన 115వ రోజు

సంపులో నాతోపాటు పనిచేసేది మొగిలి తాత ఒక్కడే. ఇంటిపేరేమిటో ఆయనకే గుర్తు లేదు. తొమ్మిదేళ్ల వయసులో పైనుంచి దిగాడు, ఇప్పుడు డెబ్బై దాటాయి. పంపు చప్పుడులో బతికి బతికి మెల్లగా మాట్లాడటం మరిచిపోయాడు.

సంపు వెనక గాలిగుంత ఉంది. పై దాకా నిట్టనిలువు గొట్టం, అడుగున మనిషి పట్టేంత చోటు. పారతో బురద అటు వేద్దామని వెళ్లాను. అక్కడ మొలిచి ఉంది. వరి. బొగ్గు పొడిలో.

మోకాలి ఎత్తు కూడా లేదు. మూడే పిలకలు. ఆకు పసుపు, కొసలు ఎండిపోయి ఉన్నాయి. ఏ తొట్టెలోనైనా అలాంటిది కనబడితే పీకి పారేసేదాన్ని. దాని తల వంగి ఉంది. చెయ్యి పెట్టి చూస్తే వెన్ను. గింజలు ఏడు. నొక్కితే రెండు తాలు, ఐదు గట్టివి.

"ఇది నువ్వు ఏశ్నవా తాతా?" అని అరిచాను.

"నేనెందుకేస్త? డ్రమ్ము ఈ గుంతలకెల్లి గదా దించిన్రు. ఈడనే మూత దీశి జూశిన్రు, అప్పుడు రాలినట్టుంది. పీకబుద్ధిగాక ఉంచిన. ఎందుకట్ల మొత్తుకుంటున్నవ్?"

నాకు ఏడుపు రాలేదు. ఒళ్లు మండింది. మావి కడుపునిండా తిని, తాగి, రోజంతా వెలుగులో ఉండి, ఒక్క గింజ ఇవ్వలేదు. దీనికి ఎరువు లేదు, మంచి నీళ్లు లేవు, పలకరించిన దిక్కు లేదు. ఇది ఈనింది.

నాటిన 117వ రోజు

నాకు చదువు చెప్పినవాళ్లు లేరు. అట్టలు ఊడిన ఒక చిన్నపిల్లల సైన్సు పుస్తకం దొరికితే దాంతోనే అక్షరాలు నేర్చుకున్నాను. అందులో ఒక బొమ్మ ఉంది: కుండీలో మొక్క, చుట్టూ నాలుగు బాణాలు. మొక్కకు కావలసినవి: నీరు, గాలి, మట్టి, వెలుతురు. గనిలో పిల్లలు ఇప్పటికీ దాన్ని పాటలా చెబుతారు. రెండు రోజులుగా ఆ నాలుగింటినీ పట్టుకుని తన్నుకులాడాను. నీరు: గుంతలో కారే చుక్కలు. మట్టి: లేదు, బొగ్గు. గాలి: కొంచెం నయం. వెలుతురు: మా దాంట్లో పదో వంతు కూడా ఉండదు. నాలుగింటిలో మూడు తక్కువే. తక్కువ పెడితే గింజ వస్తుందా? అలాగైతే మా తొట్టెల కొసల్లో నీడ పడే కుదుళ్లు ఈనాలి. ఈనలేదు.

అన్నం గంటకి, అంటే దుంపల గంటకి, తాతని అడిగాను.

"వానకాలం అంటే ఏంది తాతా?"

"వాన వడే కాలం."

"గది నాకూ తెల్సు. ఇంకేముంటది అండ్ల?"

దుంప పొట్టు తీస్తూ చెప్పాడు. "నాట్లప్పుడు పొద్దు గుంకనే గుంకకపోయేది. బువ్వ దినే యాల్లకు గుడ వెలుతురుంటుండె. వరి ఈనే యాల్లకు సలి మొదలు. గోలీలు ఆడుకుంటుంటె ఆటల్నే చీకటైతుండె. పొద్దు గుంజుకపోతున్నది, ఇంట్లకు రారా అని మా అవ్వ ఒర్రేది."

"గుంజుకపోవుడేంది?"

"పగలు చిన్నగైతది. రాత్రి పెద్దగైతది. గది గుడ తెల్వదా నీకు?"

తెలియదు. నాకెలా తెలుస్తుంది? నేను పుట్టిన దగ్గర్నుంచి పొద్దు గుంకలేదు.

లేచి గాలిగుంత దగ్గరికి వెళ్లాను. పైన గొట్టం మూతి అంత చిన్న వెలుగు. అది వస్తుంది, పోతుంది. ఇన్నాళ్లూ వస్తూ పోతూ ఉంది. ఆ మొక్కకి మేం ఎవరికీ ఇవ్వనిది ఒకటి దొరికింది. దానికి రాత్రి ఉంది.

నాటిన 118వ రోజు

షిఫ్టు మారే గందరగోళంలో తొమ్మిదో తొట్టె నుంచి ఆరు కుదుళ్లు పెళ్లలతో సహా తవ్వి బకెట్లలో దించుకొచ్చాను. దొంగతనమే. రాసుకోండి.

పంపు గదిలో దీపం ఉంది. దాన్ని ఆర్పే ధైర్యం నాకు లేదు, అవసరమూ లేదు. పక్కనే పాత మందుగుండు గది ఉంది, బొగ్గు పేల్చే రోజుల్లోది. ఇనప తలుపు, సందు లేదు. బకెట్లు పది గంటలు దీపం కింద, పద్నాలుగు గంటలు ఆ గదిలో. దీపాన్ని ఆర్పకుండా మొక్కని నడిపిస్తాను. దానికి కాళ్లు లేవు, నాకున్నాయి. నాలుగు బకెట్లు ఇలా. రెండు మాత్రం ఎప్పుడూ దీపం కిందే, పోల్చి చూడటానికి.

తాత బకెట్లు మోయడానికి సాయం పట్టాడు. తలుపు వేస్తుంటే ఆయన ముఖం పాలిపోయింది.

నాటిన 134వ రోజు

పదహారు రోజులు. ఒక కాండం కోసి చీల్చాను. లోపల ఆకులు, ఆకుల లోపల ఆకులు. ఏమీ లేదు. నా ఆలోచన తప్పేమో. తప్పైతే తప్పని రాస్తాను, సుదర్శనం సారులా ఇరవై దీపాలు అడగను. ఇంకో వారం చూస్తాను.

నాటిన 138వ రోజు

ఇవాళ షిఫ్టుకి ముందే దిగాను. మందుగుండు గది తలుపు ఓరగా ఉంది. లోపల వెలుగు.

తాత బోర్లించిన బకెట్ మీద కూర్చుని ఉన్నాడు. నెత్తిన టోపీ దీపం. నా నాలుగు కుదుళ్లతో మాట్లాడుతున్నాడు. పంపు వాల్వు గురించి ఏదో చెబుతున్నాడు వాటికి.

"ఏం జేస్తున్నవ్ ఈడ?"

ఉలిక్కిపడి లేచాడు. "ఏం లే బిడ్డా. జెరసేపు తోడున్న. చీకట్ల ఒక్కదాన్ని ఎట్ల ఇడిసిపెడ్తం?"

"ఎన్నిరోజుల సంది?"

"మొదటి దినం సంది. ఎక్వసేపు గాదు. ఒక బీడీ తాగేంతసేపు."

నేనన్న మాటలన్నీ ఇక్కడ రాయను. ఇరవై రోజులు బూడిదలో పోశావన్నాను. ముసలితనం కళ్లకొచ్చిందా, బుద్ధికొచ్చిందా అన్నాను. డ్రమ్ము వండితే మొదటి ముద్ద నీకే పెడతానన్నాను. ఆయన అన్నీ విన్నాడు. మెల్లగా మాట్లాడటం రానివాడు అప్పుడు మెల్లగా మాట్లాడాడు.

"ఆ నాల్గు దినాలు నేను చీకట్లనే ఉన్న. మా అక్క ఎల్లవ్వ శెయ్యి వట్టుకోని. మూడో దినం ఆమె శెయ్యి సల్లవడ్డది. అయినా ఇడ్వలే. వెలుతురొచ్చినంకనే ఇడ్సిన. నాకు ఎవల్ని చీకట్ల ఉంచబుద్ధిగాదు బిడ్డా. గడ్డినైనా."

గోడకి ఆని ఆయన పక్కన కూర్చున్నాను.

ఆలోచించాను. రోజుకి ఒక బీడీ తాగేంత వెలుగు. మిగతా అంతా చీకటే. అయినా ఏమీ జరగలేదు. అంటే మొక్క చీకటి మొత్తాన్ని కలిపి కూడుకోవడం లేదు. ఆకు చీకటిని ఆగకుండా లెక్కపెడుతోంది, మనం శ్వాస బిగబట్టి అంకెలు లెక్కపెట్టినట్టు. మధ్యలో దీపం చూపిస్తే లెక్క చెడుతుంది. మళ్లీ ఒకటి నుంచి మొదలు. పూర్తి లెక్క కుదిరినప్పుడే, ఆ రాత్రుల వరస చాలినప్పుడే, ఆకు కాండానికి కబురు పంపుతుంది: ఇక ఆకులు చాలు, గింజ కట్టు. పొట్టి వరికి ఈ లెక్క లేదేమో, అందుకే వెలుగులోనే ఈనేది.

నిజమో కాదో చూడాలి. 175 దాకా ముప్పై ఏడు రోజులున్నాయి. రేపటి నుంచి మళ్లీ ఒకటి.

నాటిన 139వ రోజు

తలుపు వేశాను. తాళం వేయలేదు. తాత తలుపుకి వీపు ఆనించి, ఇవతల వెలుగులో కూర్చున్నాడు. "ఈడికెల్లి తోడుంట. ఇది పర్వాలేదు గద?" అన్నాడు.

పర్వాలేదన్నాను.

నాటిన 166వ రోజు

ఇరవై ఏడు రాత్రులు అయ్యాయి.

చీకటి బకెట్ నుంచి ఒక పిలక కోశాను. బ్లేడుతో అడుగు నుంచి పైకి నిలువుగా చీల్చాను. పై కణుపు మీద నువ్వుగింజంత తెల్లది. ముట్టుకుంటే దూది నూగులా ఉంది. తాతకి చూపించాను. ఆయనకి చూపు ఆనలేదు. వేలు పట్టుకుని దాని మీద పెట్టాను.

"ఏందిది?"

"వెన్ను. పుట్టింది."

దీపం కింది బకెట్ నుంచి కూడా ఒకటి చీల్చాను. ఆకులు. మిగతా మూడు చీకటి బకెట్ల నుంచీ ఒక్కో పిలక చీల్చాను. మూడింటిలోనూ ఉంది.

సైన్సు పుస్తకం తీసి ఆ బొమ్మలో అయిదో బాణం గీశాను. చీకటి అని రాశాను. ఇన్ని వేల మంది పిల్లలకి నేర్పిన పుస్తకం, ఆ ఒక్క మాట రాయడానికి ఏమైంది? రాసినవాళ్లకి అది రాయాలని తోచి ఉండదు. వాళ్లకి చీకటి అడక్కుండానే వచ్చేది.

నాటిన 168వ రోజు

కమిటీ గదిలో బల్ల మీద నాలుగు పిలకలు పెట్టాను. రెండు చీకటివి, రెండు వెలుగువి. ఏది ఏదో చెప్పలేదు. సుదర్శనం సారుని చీల్చమన్నాను. కుదుళ్లు దొంగిలించినందుకు ముందు నన్ను శిక్షించాలని ఎవరో అన్నారు. ఆయన వినిపించుకోలేదు. భూతద్దం పెట్టి చూశాడు. ఒకటి, రెండు, మూడు, నాలుగు. మళ్లీ మొదటిది చూశాడు.

తను తప్పు చేశానని అనలేదు. ఆ మాట ఆయన నోట్లో లేదు. "ఎన్ని గంటలు?" అన్నాడు.

"పద్నాలుగు. నడ్మల నిప్పుపుల్లంత వెలుతురు గుడ వడొద్దు."

అప్పుడు రామక్కకి అర్థమైంది నేను ఏం అడగబోతున్నానో. లేచి నిలబడింది. "మొత్తం గ్యాలరీ చీకటి జెయ్యాల్నా? మూడు వందల మందిని ఆర్పుమంటున్నవా పోరీ?"

"దినాం పద్నాలుగు గంటలు. పది గంటలు వెలుగుతనే ఉంటయ్."

"ఒక్కపారి ఆరితే ఆరినట్టే! మా అవ్వ ఒట్టు వెట్టింది. ఎనభై మూడు మంది పీనుగుల మీద శెయ్యేసి వెట్టింది. ఆమెను నేను మల్ల చీకట్లకు తోల్తనా?"

గదిలో చాలామంది ఏడుస్తున్నారు. నాకు పెద్ద మాటలు రావు. వచ్చి ఉంటే బాగుండేది. నాకు వచ్చిందే చెప్పాను.

"అక్కా, ఒట్టు ఎందుకు వెట్టిన్రు? ఉన్నోళ్లు బత్కాలెనని. ఈ వరికి చీకటి లేకపోతె గింజ లేదు. గింజ లేకపోతె ఆ దీపాల కింద గడ్డి ఉంటది, దీపాలు జూసెటోళ్లు ఉండరు. నేను మా అవ్వది ఆర్పుత. ముందుగాల నేనే. మీరు జూసి జెప్పున్రి."

ఓటు పెట్టారు. నా మాట గట్టెక్కింది, తొమ్మిది మంది తేడాతో. కానీ రామక్క ఒక షరతు పెట్టింది. ఎవరి దీపం వాళ్లే ఆర్పాలి. ఒకరి దీపం మీద ఇంకొకరు చెయ్యి వేయకూడదు. ఇష్టం లేనివాళ్లని బలవంతపెట్టకూడదు. 175 గడువు పోయింది, డ్రమ్ము మూత తెరవరు.

నాటిన 170వ రోజు

మా దీపాలకి స్విచ్చులు ఉండవు. ఆర్పాలని ఎవరూ అనుకోలేదు కాబట్టి పెట్టలేదు. రేపటికి వరసకొకటి బిగిస్తానని సుదర్శనం సారు వైర్లు లాగుతున్నాడు. మొదటిసారికి మాత్రం చేత్తోనే, హోల్డరులో అరచుట్టు తిప్పాలి.

బల్ల ఎక్కి మా అమ్మ దీపం పట్టుకున్నాను. కాలింది. కొంగు చుట్టి తిప్పాను. ఏదో అవుతుందనుకున్నాను. ఏమీ కాలేదు. టిక్కుమంది, ఆరింది. రేకు ఇంకా వేడిగా ఉంది.

తరువాత సుదర్శనం సారు. ఆయనవి మూడు: తండ్రి, తమ్ముడు, నెలల పాప. పాపది ఆర్పేటప్పుడు రేకు మీద ముక్కు ఆనించాడు. తరువాత రామక్క. ఆమెని ఇద్దరు పట్టుకోవాల్సి వచ్చింది. తరువాత వరసలు వరసలుగా వచ్చారు. టిక్కు, టిక్కు. పైకప్పు కొంచెం కొంచెంగా కనబడకుండా పోయింది.

మూడు వందల పదకొండు ఆరాయి. ఒకటి మిగిలింది. ముప్పై ఎనిమిదో తొట్టె దగ్గర, మూలలో. ఎల్లవ్వ.

తాత దాని కింద నిలబడి ఉన్నాడు.

"తాతా, నీకు తెల్సు గదా. నీకంటె ఎక్వ ఎవలకు తెల్సు? బీడీ తాగేంత వెలుతురుకు ఏమైందో నువ్వే జూశ్నవ్."

"తెల్సు బిడ్డా. నువ్వు జెప్పింది నిజం. నేను ఆర్ప."

"సంపులకు మార్చుదాం. ఆడ వెలగనియ్."

"మొదటి నాట్లు ఆమె ఈడనే ఏసింది. ఈడనే ఉంటది."

పళ్లు నూరుకున్నాను. బల్ల లాగి నేనే తిప్పేద్దామనుకున్నాను. చెయ్యి వేయకూడదని షరతు. షరతు లేకపోయినా వేసేదాన్నా అంటే, తెలియదు. గోనె సంచులు కుట్టి నాలుగు తొట్టెల చుట్టూ తెర కట్టాం, ఆ వెలుగు మిగతా వాటి మీద పడకుండా. ముప్పై ఆరు తొట్టెలు ఇటు. నాలుగు అటు.

తెర దించాక గ్యాలరీలో చీకటి. నేను పుట్టాక మొదటిసారి. కొందరు వెళ్లిపోయారు. కొందరు ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని కూర్చున్నారు. నాకు ఎవరి చెయ్యో దొరికింది, ఎవరిదో చూడలేదు. ఆకుల మీద నీటి చుక్కలు రాలే చప్పుడు వినబడింది. అది రోజూ ఉండే చప్పుడేనట. నేనెప్పుడూ వినలేదు.

నాటిన 222వ రోజు

వెన్ను: ఉంది.

ఉబ్బిన పొట్టల్లోంచి వారంగా బయటికి వస్తున్నాయి. వరి పువ్వు నోరు తెరిచేది గంటసేపు. ఆ గంటలోనే పుప్పొడి రాలాలి, ఆ గంటలోనే గింజ నిలవాలి. మా దగ్గర గాలి లేదు. తాడు రెండు కొసలా పట్టుకుని కుదుళ్ల మీదుగా లాగుతున్నాం. పొడి లేస్తుంది. తుమ్ములు వస్తున్నాయి. తుమ్మినవాళ్లందరూ నవ్వుతున్నారు.

నన్ను పాత తొట్టెలకి వేశారు. సుదర్శనం సారు పుస్తకంలో కొత్త గడి గీశాడు: చీకటి, గంటల్లో. నాకది చాలు.

గోనె తెర వెనక నాలుగు తొట్టెలు పచ్చగానే ఉన్నాయి. తాత పంపు దగ్గర పని ముగిశాక రోజూ వచ్చి వాటికి నీళ్లు పెడుతున్నాడు. నేను ఆయనతో మాట్లాడటం లేదు.

నాటిన 251వ రోజు

రేపు కోత. ముప్పై ఆరు తొట్టెలు పసుపు తిరిగాయి. తలలు వంగాయి. కోతకి చోటు కావాలని గోనె తెర విప్పాం.

నాలుగు తొట్టెలు నడుం ఎత్తున ముదురు పచ్చ. అది అనుకున్నదే. అనుకోనిది ఇంకొకటి కనబడింది. పచ్చదనం ఆ నాలుగింటితో ఆగలేదు. ఒక మూల నుంచి బెత్తెడు వెడల్పున ఒక పచ్చ చార బయటికి వచ్చి, పక్క తొట్టె పసుపు మధ్యలోంచి, దాని పక్క తొట్టెలోకి కూడా సాగింది. గీత గీసినట్టు ఉంది. చారలో ఉన్న కుదుళ్లకి వెన్ను లేదు. అటూ ఇటూ అన్నిటికీ ఉంది.

గోనె పట్టాని పైకెత్తి చూశాం. ఒక చోట కుట్టు ఊడి, వేలు దూరేంత సందు ఉంది. ఎల్లవ్వ వెలుగు అందులోంచి పడింది. ఎనభై రోజులు, అదే చోట.

తాత చార వెంట నడిచాడు. అడుగు అడుగు వేసి కొలిచాడు. పదకొండు అడుగులు. చివర ఉన్న కుదురు దగ్గర ఆగి, ఆకు పట్టుకుని, వెనక్కి తిరిగి దీపం వైపు చూశాడు.

"గింత దూరం వస్తదా ఆమె వెలుతురు?" అన్నాడు.

కోపంగా ఉందామనుకున్నాను. కుదరలేదు. "వస్తది" అన్నాను.

తిరిగి వచ్చి దీపం కింద తొట్టె గట్టు మీద కూర్చున్నాడు. పచ్చటి పిలక ఒకటి వేళ్లతో తడుముతూ ఉండిపోయాడు. కొడవళ్లు నూరే చప్పుడు వినబడుతోంది.

"ఇవి గొడ్డువోయినయా బిడ్డా?"

"లేదు తాతా. బత్కే ఉన్నయ్. ఆకులు పెడ్తనే ఉన్నయ్. రాత్రి కోసం జూస్తున్నయ్, గంతే."

"ఇప్పుడు ఆర్పితె ఈన్తయా?"

"ఈన్తయ్. యాభై దినాలు పడ్తది."

"యాభై." తల ఊపాడు. దీపం వైపు చూడలేదు. "రేపటి సంది లెక్కవెట్టు. ఇయ్యాల జెరంత కూసుంట."

నేను బల్ల తెచ్చి, ఆయన చేతికి అందేంత దగ్గరగా పెట్టి వచ్చేశాను.

కోతకి సిద్ధం: ముప్పై ఆరు తొట్టెలు, చార పోను. ముప్పై ఏడు, ముప్పై ఎనిమిది, ముప్పై తొమ్మిది, నలభై: చీకటి గడి ఖాళీగా వదిలాను.